బొంగురు అన్న మాట ఎక్కడిది?

తిరుపతిలో గంగజాతర జరిగే వారం ఊళ్లో సగం మందికి గొంతు ఉండదు. తాతయ్యగుంట గంగమ్మ జాతరకు చాటింపు వేసింది మొదలు బైరాగి వేషం, బండ వేషం, తోటి వేషం, దొర వేషం, మాతంగి వేషం అంటూ రోజుకొక వేషం కట్టి జనం వీధుల్లో తిరుగుతారు. బూతులు తిట్టడం కూడా మొక్కులో భాగమే కనుక అరుపులకు అడ్డూ అదుపూ ఉండవు. జాతర ముగిసేసరికి ఏ టీ అంగడి దగ్గర నిలబడినా వినిపించే పలకరింపు ఒకటే: "ఏంబ్బా, గొంతు ఇట్టా బొంగురుబోయింది?" అలిపిరి నుంచి 3,550 మెట్లూ గోవింద కొట్టుకుంటూ ఎక్కిన గుంపుల పరిస్థితీ అదే. కొండపైకి చేరేసరికి వాళ్ల గోవిందలో 'గో' వినిపించదు, చివరి 'దా' మాత్రం మిగులుతుంది.

ఇంతకీ బొంగురు అంటే ఏమిటి? జలుబు చేసినవాడి గొంతూ బొంగురే. మీసం మొలుస్తున్న పిల్లాడి గొంతూ బొంగురే. జీవితమంతా బీడీలు కాల్చిన పెద్దాయన గొంతూ బొంగురే. ప్రచారం ఆఖరి రోజున మైకు ముందు నిలబడ్డ అభ్యర్థి గొంతూ బొంగురే. కారణాలు వేరు, మాట ఒకటి. అయితే ఆ బీడీల పెద్దాయనే కూతుర్ని అత్తారింటికి పంపుతూ మాట పెగలక నిలబడిపోతే, అప్పుడు గొంతు బొంగురుబోయిందని ఎవరూ అనరు. జీరబోయిందంటారు. చెవికి రెండూ పాడైన గొంతులే. తెలుగు మాత్రం వాటిని ఒక గాటన కట్టదు.

మొదట వాడుక చూద్దాం. బొంగురు గొంతు అనగానే మనకు తోచేది లావుగా, కిందికి దిగి, గాలి కలిసినట్టుండే గొంతు. సన్నగా పైకి లేచే గొంతు ఎంత పాడైనా దాన్ని బొంగురనం, కీచు గొంతు అంటాం. బలం లేక సన్నగిల్లితే పీల గొంతు. పెద్దగా, మొరటుగా ఉండి ఆరోగ్యంగానే ఉంటే బండ గొంతు. అంటే బొంగురులో రెండు విషయాలున్నాయి: స్థాయి తగ్గడం, నిండుదనం పోవడం. 1852లో వచ్చిన బ్రౌన్ నిఘంటువులోనూ ఈ మాట ఈ అర్థంతోనే ఉంది. కాబట్టి ఇది నిన్నమొన్నటి యాస మాట కాదు.

దీని వెనక చేరే క్రియ ఇంకా ఆసక్తికరమైనది. 'రంగుపోయింది' అంటే రంగు లేకుండా పోయిందని అర్థం. 'బొంగురుపోయింది' అంటే బొంగురు పోయిందని కాదు, వచ్చిందని! తెలుగు రానివాళ్లకు ఇది చెప్పి చూడండి, తల పట్టుకుంటారు. ఈ పోవు వేరే పోవు. చిన్నబోవు, తెల్లబోవు, మూగబోవు, నివ్వెరపోవు అన్నవాటిలో ఉన్నదే ఇది. ఒక స్థితిలోకి జారిపోవడం దీని అర్థం. మనిషి తన ఇష్టంతో చిన్నబోడు, తెల్లబోడు. గొంతు కూడా అడక్కుండానే బొంగురుబోతుంది. ఈ వరసలో ఉన్నవన్నీ మనిషి చేతిలో లేని మార్పులే కావడం గమనించాలి.

పక్క భాషలవాళ్లు ఇదే సంగతిని వేరేగా చెబుతారు. చిత్తూరు జిల్లాలో ఇది తెలుసుకోవడానికి పుస్తకాలు తిరగేయనక్కర్లేదు. నగరి వైపు వెళితే తమిళం, పలమనేరు దాటి కుప్పం వైపు వెళితే తమిళమూ కన్నడమూ రెండూ చెవిన పడతాయి. తమిళంలో 'తొండై కట్టిక్కిచ్చు', అంటే గొంతు కట్టుకుంది. కన్నడంలో 'గంటలు కట్టిదె'. కన్నడంలో గంటలు అంటే గొంతు, మన గుడిగంటలు కావు. వాళ్ల లెక్కలో ఎవరో గొంతుకు ముడి వేశారు. హిందీలో 'గలా బైఠ్ గయా', గొంతు కూర్చుండిపోయింది. మనమూ గొంతు పట్టేసింది, పూడుకుపోయింది అంటాం కానీ, గరుకుతనానికి విశేషణం కావాల్సి వచ్చేసరికి బొంగురు దగ్గరికే వస్తాం. ఆ విశేషణానికి తమిళంలో కరకరప్పు, కన్నడంలో గొగ్గరు. మూడు ఇళ్లూ పక్కపక్కనే ఉన్నా మూడు మాటలకూ పోలిక లేదు. బొంగురు మన సొంతమని చెప్పడానికి ఇదొక ఆధారం.

సొంతమైతే ఎలా పుట్టింది? అందరికీ మొదట తట్టేది బొంగు. వెదురు బొంగు. మారేడుమిల్లి, అరకు వైపు బొంగులో చికెన్ తిన్నవాళ్లకు దాని ఆకారం వర్ణించనక్కర్లేదు: పైన గట్టి, లోపల డొల్ల. (కుర్రకారు నోట్లో ఈ మాటకు ఇప్పుడు వేరే రంగు అంటింది, దాన్ని పక్కన పెడదాం.) డొల్లగా వినిపించే గొంతు బొంగురు గొంతయిందని ఈ ఊహ. దీనికి తోడుగా బుంగ ఉంది. చెరువు కట్టకు బుంగ పడిందంటే కన్నం పడిందని. మూతి చిన్నది, కడుపు పెద్దది అయిన కుండనూ బుంగ అంటారు. బొంగు, బుంగ రెండింటిలోనూ ఖాళీ ఉంది, ఆ ఖాళీని పలికించే 'ంగ' ఉంది. ఇక చివర 'రు' చేరడం తెలుగుకు కొత్త కాదు: గుబురు, ముసురు, బెదురు, వగరు, పొగరు.

చూడ్డానికి బాగా అతికింది. కానీ మాటల పుట్టుక విషయంలో అతకడం ఒక్కటే చాలదు. చిగురులో రు తీసేస్తే మిగిలే 'చిగు' మాటే కాదు. పొగరులోంచి తీస్తే పొగ మిగులుతుంది, అలాగని పొగరుబోతుకు పొగతో చుట్టరికం కలపలేం. రు తీస్తే ఏదో ఒక మాట మిగలడం చాలాసార్లు కాకతాళీయం. బొంగరం చూడండి. బొంగులాగే మొదలవుతుంది, తిరిగేటప్పుడు గుయ్యిమంటుంది కూడా, కాబట్టి దాన్నీ ఈ కుటుంబంలో కలిపేయాలనిపిస్తుంది. తీరా చూస్తే తమిళులు దాన్ని పంబరం అంటారు, కన్నడిగులు బుగురి అంటారు. ఆ మూడూ ఒక తల్లి బిడ్డల్లా ఉన్నాయి తప్ప బొంగుతో వాటికి పని కనబడదు.

రెండో దారి ధ్వని అనుకరణ. తమిళ కరకర, కన్నడ గొగ్గరు, సంస్కృత ఘర్ఘర, మన గరగర: ఇవన్నీ పాడైన గొంతు చేసే చప్పుడును నోటితో మళ్లీ చేసి చూపించే మాటలు. ఇలాంటి మాట ఏ భాషలోనైనా తనంత తానే పుట్టగలదు, ఒకరి దగ్గర అప్పు తేవాల్సిన పని లేదు. బొంగురు కూడా అలాంటిదే అనవచ్చు. నన్నడిగితే ఇక్కడే ఒక తేడా ఉంది. అనుకరణ మాటలు అక్షరాన్ని రెండుసార్లు పలుకుతాయి: గర-గర, కర-కర, ఘర్-ఘర. బొంగురులో ఆ జంట లేదు. అది చప్పుడును అనుకరించదు, చప్పుడు ఎలా ఉందో వర్ణిస్తుంది. అందుకే బొంగు వైపే నా మొగ్గు. రుజువైన సంగతిగా కాదు, ఉన్నవాటిలో బరువైన ఊహగా.

ఈ మొగ్గుకు ఇంకో కారణం, డొల్లతనాన్ని గొంతుకు అంటగట్టడం మన ఒక్కరి ఆలోచన కాకపోవడం. 13వ శతాబ్దంలో దేవగిరి యాదవుల కొలువులో ఉన్న శార్ఙ్గదేవుడు 'సంగీత రత్నాకరం'లో గాయకుల ధ్వనిని నాలుగు తరగతులు చేశాడు: ఖాహులం, నారాటం, బొంబకం, మిశ్రకం. వీటిలో బొంబకం వాతం వల్ల పుట్టేది. లోపల సారం లేనిది, పరుషమైనది, పెద్దగా వినిపించేది, ఆముదపు కాడలా డొల్ల. మనం వెదురు దగ్గర ఆగితే ఆయన ఆముదం దగ్గర ఆగాడు. బొంబకం, బొంగురు ఒకేలా వినిపిస్తున్నాయి కదా అని ఒకదాన్నుంచి ఇంకోదాన్ని లాగడం తొందరపాటే. ఇక్కడ ఎత్తి చూపదగ్గది పోలికే: గాలి ఆగని, నిండని గొంతు విన్నప్పుడు చెవి డొల్ల కాడను తలుచుకుంటుంది.

ఇప్పుడు జీర. నాకు ఈ మాట బొంగురు కంటే ఇష్టం. నిద్రలేని కళ్లలో ఎర్రజీరలు అంటాం. అక్కడ జీర అంటే చార, సన్నని గీత. తెల్లగా ఉండాల్సిన చోట ఒక గీత పడింది. గొంతులో జీర కూడా అదే: సాఫీగా సాగుతున్న స్వరం మీద ఎక్కడో సన్నని గీత పడుతుంది, మాట అక్కడ చీలుతుంది. కంటితో చూసే వస్తువును చెవికి అప్పగించిన మాట ఇది. అందుకే జీరకు పరిమాణం సన్నమే. సన్నని జీర అంటాం, లావు జీర అనం. బొంగురు గొంతంతా కమ్మేస్తుంది, జీర ఒక చోట తగులుతుంది. (జీలకర్రను జీరా అనడం సంస్కృత జీరకం నుంచి వచ్చిన వేరే దారి.)

గర మూడోది. గరుకు నేల, గరుకు కాగితం మాటల్లో ఉన్నదే గొంతులో గరగర. ఇది చేతికి తగిలే వస్తువు. గొంతు గరగరమంటే వినేవాడికంటే ముందు ఆ గొంతు ఉన్నవాడికే తెలుస్తుంది, దురదలా, దగ్గు వచ్చేలా. పాత కావ్యాల్లో ఇంకో మంచి మాట ఉంది, డగ్గుత్తిక. కుత్తుక అంటే గొంతు. కన్నీళ్లు అడ్డం పడి మాట ఆగడం డగ్గుత్తిక పడటం. సంస్కృత గద్గదానికి తెలుగు జోడీ ఇదే. గద్గదం పత్రికల్లో బతికి ఉంది, డగ్గుత్తిక నిఘంటువులో నిద్రపోతోంది. పాపం అనిపిస్తుంది.

సంస్కృతంలో ఈ విభజన ఇంత స్పష్టంగా లేదు. సుశ్రుతుడి ఉత్తరతంత్రంలో స్వరభేదం ఒక రోగం. దాన్ని వాతం, పిత్తం, కఫం, ఆ మూడూ కలిసిన సన్నిపాతం, క్షయం, మేదస్సు అని కారణాలను బట్టి ఆరు రకాలు చేశారు. భరతుడి నాట్యశాస్త్రానికి వస్తే అదే స్వరభేదం స్తంభం, స్వేదం, రోమాంచం వగైరాలతో పాటు ఎనిమిది సాత్త్విక భావాల్లో ఒకటి. వైద్యుడికి రోగం, నటుడికి సంపద, పేరు మాత్రం ఒకటే. మన పల్లెటూరి తెలుగు ఆ రెండింటినీ ఎప్పుడో విడదీసింది: ఒళ్లు పాడైతే బొంగురు, మనసు కదిలితే జీర.

ఈ విడదీత శరీరం లెక్కకు కూడా సరిపోతుందా అని చూస్తే, చాలావరకు సరిపోతుంది. మెడ ముందువైపు తగిలే గట్టి భాగం స్వరపేటిక. దాని లోపల అడ్డంగా రెండు కండర మడతలు ఉంటాయి. స్వరతంత్రులు అని పేరు పెట్టారు కానీ వీణ తీగల్లాంటివేం కాదు, మెత్తని మడతలు. వీటిని బతికున్న మనిషిలో పనిచేస్తుండగా మొదట స్పష్టంగా చూసింది డాక్టరు కాదు, పాటల మాస్టరు. 1854లో స్పెయిన్ సంగీత గురువు మాన్యుయల్ గార్సియా పళ్ల డాక్టర్లు వాడే చిన్న అద్దాన్ని నోట్లో పెట్టుకుని, ఇంకో అద్దంతో ఎండను లోపలికి మళ్లించి, తన స్వరతంత్రులను తానే చూసుకున్నాడు. మరుసటి ఏడు లండన్ రాయల్ సొసైటీకి ఆ సంగతి నివేదించాడు.

మాట్లాడేటప్పుడు ఈ మడతలు మగవాళ్లలో సుమారుగా సెకనుకు 100 నుంచి 130 సార్లు, ఆడవాళ్లలో 200 సార్లకు అటూఇటూ దగ్గరకొచ్చి విడిపోతుంటాయి. మీద ఉండే పొర వదులుగా, జిగురులా ఉండి అలలా కదలాలి. అరిచినా, జలుబు చేసినా ఆ పొర వాస్తుంది. వాచిన మడత బరువెక్కుతుంది కాబట్టి నెమ్మదిగా కదులుతుంది, స్థాయి కిందికి దిగుతుంది. అంచులు సరిగా కలవకపోతే మధ్యలోంచి గాలి జారుతుంది. బరువు, గాలి: బొంగురులో మనం విన్న రెండు లక్షణాలూ ఇవే. ఏళ్ల తరబడి పొగ తాగినవాళ్లలో ఆ పొర కింద నీరు చేరి ఉబ్బు అలాగే ఉండిపోతుంది. దానికి జర్మన్ శరీర శాస్త్రజ్ఞుడు రైన్‌కే పేరు పెట్టారు. మీసాలొచ్చే వయసు పిల్లాడి సంగతి వేరు. అక్కడ రోగమేం లేదు, పేటికే పెరిగి మడతలు పొడుగవుతాయి, గొంతు దాదాపు ఒక స్థాయి మేర, అంటే పాటలో పై 'స' నుంచి కింది 'స' దాకా ఉన్నంత, దిగుతుంది. కొత్త కొలతలకు కండరాలు అలవాటు పడేదాకా మధ్యమధ్యలో కీచుమంటుంది.

రెండు మడతలూ ఒకే లయలో కదలకపోతే గరగర. బడి పంతుళ్లలో, పాటగాళ్లలో మడతల అంచున చిన్న కాయల్లాంటివి కడతాయి, అప్పుడు గాలీ గరా రెండూ కలుస్తాయి. ఇక ఏడుపు వచ్చేటప్పుడు ఊపిరి ఎక్కువ కావాలని స్వరపేటిక తెరుచుకుని ఉండటానికి చూస్తుంది, మాట్లాడాలంటే మూసుకోవాలి. ఆ పెనుగులాటలో గొంతులో ఏదో అడ్డం పడ్డట్టుంటుంది, మాట మధ్యలో చీలుతుంది. మడతలకు దెబ్బ తగల్లేదు, వాపూ లేదు. క్షణంలో పోతుంది. జీర అన్నవాళ్లకు స్వరపేటిక తెలియకపోయినా చెవి తెలుసు.

ఆధునిక వైద్యులకూ చివరికి చెవే దిక్కయింది. జపాన్ వైద్యులు రూపొందించి, మినోరు హిరానో 1981లో వ్యాప్తిలోకి తెచ్చిన గ్రబాస్ అనే కొలత ఇప్పటికీ వాడుకలో ఉంది. రోగి మాట్లాడుతుంటే విని ఐదు విషయాలకు 0 నుంచి 3 దాకా మార్కులు వేస్తారు: మొత్తం మీద ఎంత పాడైంది, గరుకు ఎంత, గాలి ఎంత, నీరసం ఎంత, బిగింపు ఎంత. గరుకుకు మన గర ఉంది, గాలికి బొంగురు ఉంది, నీరసానికి పీల గొంతు, బిగింపుకు పట్టేసిన గొంతు. ఈ కొలతను తెలుగులో పెట్టాలంటే కొత్త మాటలు తయారు చేయనక్కర్లేదు. అయినా మన ఆస్పత్రుల కాగితాల మీద అన్నిటికీ కలిపి 'స్వరంలో మార్పు' అని రాసి ఊరుకుంటారు. ఉన్న మాటలను వాడకపోవడం మనకు కొత్త కాదు కదా.

ఇంగ్లీషువాళ్ల దారి మనకు దగ్గరే. ఇప్పుడు టీవీల్లో, ఇంటర్వ్యూల్లో వినిపించే హస్కీ వాయిస్‌లో హస్క్ అంటే ధాన్యపు పొట్టు. పొట్టులా ఎండిన గొంతన్నమాట. రాస్పీలో రాస్ప్ అంటే గరుకు ఆకురాయి. హోర్స్ అన్న మాట పాత ఇంగ్లీషులో హాస్, మధ్యలో ర లేదు, తర్వాత ఎక్కడో వచ్చి చేరింది. మనవాళ్లు దాన్ని గుర్రంతో కలిపి పలకడానికి ఆ ర యే కారణం. విచిత్రమేమిటంటే ఆడపిల్లకు బొంగురు గొంతుంటే 'మగగొంతు' అని వెక్కిరించిన నోళ్లే హస్కీ వాయిస్ అనేసరికి మెచ్చుకుంటున్నాయి. గొంతు మారలేదు, భాష మారింది.

బొంగురుకు గౌరవం ఉన్న చోటు మా చిత్తూరు జిల్లాలో ఒకటుంది. ద్రౌపదీ ధర్మరాజుల గుళ్లున్న ఊళ్లలో ఎండాకాలం 18 రోజుల భారతం పెడతారు. పగలు హరికథ, రాత్రి తెల్లవార్లూ నాటకం. అర్జునుడు తపసు మాను ఎక్కే రోజున, చివర దుర్యోధన వధ రోజున చుట్టుపక్కల పల్లెలన్నీ అక్కడే ఉంటాయి. మైకులు లేని రోజుల్లో మద్దెల, హార్మోనియం మోతను దాటి ఆఖరి వరసకు పద్యం చేరాలి. స్త్రీ వేషాలు కూడా మగవాళ్లే కట్టేవారు కనుక సన్నగొంతుకు ఒక లెక్క, దుర్యోధనుడికి ఇంకో లెక్క. నాలుగో రాత్రికే దుర్యోధనుడు బొంగురుబోతాడు, జనానికి అదే కావాలి. కచేరీలో శారీరం, అంటే పాడే గొంతు, బాగుందని మెచ్చుకునే చెవి వేరు, ఇక్కడి చెవి వేరు. సాఫీగా పాడే దుర్యోధనుడిని మా ఊళ్లలో ఎవడూ నమ్మడు. మదనపల్లె టమోటా మార్కెట్టులో వేలం పాడేవాళ్లది కూడా ఇదే కోవ, అక్కడ గొంతు పనిముట్టు.

ఇలా గొంతుతో బతికేవాళ్లు కలకండ, మిరియాలు బుగ్గన పెట్టుకోవడం, అతిమధురం నమలడం, మిరియాల చారు తాగడం ఉన్నదే. హాయిగా ఉంటుంది, కాదనను. అయితే మింగిన ఏ వస్తువూ స్వరతంత్రులను తాకదు. మింగేటప్పుడు ఆ దారి మూసుకుంటుంది, పొరపాటున తాకితే పొరబోయి దగ్గు వస్తుంది. చారు చేసే మేలు గొంతు తడవడం, ఒంట్లోకి నీళ్లు పోవడం, నోరు కాసేపు మూసుకోవడం. ఈ చివరిదే అసలు మందు. గట్టిగా మాట్లాడలేక గుసగుసలు పెట్టడం విశ్రాంతి అనుకుంటారు, బిగపట్టి చేసే గుసగుస కూడా మడతలకు శ్రమే. మాటిమాటికీ గొంతు సవరించుకోవడం ఇంకా చెడ్డ అలవాటు, వాచిన రెండు అంచులనూ ఒకదానికొకటి కొట్టినట్టే.

అరుపుల బొంగురు కొద్ది రోజుల్లో సర్దుకుంటుంది. నాలుగు వారాలు దాటినా తగ్గకపోతే స్వరపేటికను లోపలికి చూడాల్సిందేనని అమెరికా ఈఎన్‌టీ వైద్యుల సంఘం 2018 మార్గదర్శకాల్లో ఉంది. పొగ తాగేవాళ్లయినా, మెడలో గడ్డ తగిలినా, ఊపిరి తీసుకోవడం కష్టమైనా, మెడ ఆపరేషన్ తర్వాత గొంతు మారినా అన్నాళ్లు ఆగకూడదు. థైరాయిడ్ తగ్గినా గొంతు బొంగురుబోతుంది. కడుపులో ఆమ్లం పైకి తన్నినా అంతే. ఇంకో చిత్రం ఉంది: ఎడమ స్వరతంత్రిని కదిలించే నరం మెదడు నుంచి నేరుగా గొంతుకు రాదు. ఛాతీలోకి దిగి, గుండె నుంచి వచ్చే బృహద్ధమని కిందుగా చుట్టి, మళ్లీ పైకెక్కి గొంతు చేరుతుంది. ఆ దారిలో ఊపిరితిత్తి దగ్గర గడ్డ ఏదైనా నొక్కితే నొప్పేమీ లేకుండానే గొంతు బొంగురుబోతుంది. గొంతు చూపించుకోవడానికి వెళితే డాక్టరు ఛాతీకి ఎక్స్‌రే రాసిచ్చేది ఇందుకే.